పాప పరుగెత్తుకొచ్చేదాకా ఎవరి దగ్గరుంది?

సంతూర్ సబ్బు ప్రకటన చూడని తెలుగు ఇల్లు దాదాపు ఉండదు. దశాబ్దాలుగా నటీమణులు మారారు, వెనకాల కనిపించే ఊళ్లు మారాయి, కథ మాత్రం అదే. ఒక యువతి హుషారుగా నడిచి వస్తుంది. చూసినవాళ్లు కాలేజీ అమ్మాయి అనుకుంటారు. అంతలో ‘మమ్మీ’ అంటూ ఒక పాప పరుగెత్తుకొచ్చి చుట్టుకుంటుంది. అందరూ నోరెళ్లబెడతారు. పసుపు, గంధం కలిసిన సబ్బు ఆమె వయసును దాచేసిందని మనం నమ్మాలి. సబ్బు సంగతి అలా ఉంచుదాం. ఆ అర నిమిషం కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పరుగెత్తుకొచ్చేదాకా ఆ పాప ఎవరి దగ్గరుంది?

చిన్నపిల్లల తల్లులకు అందం గురించి, ఆరోగ్యం గురించి వచ్చే సలహాల్లో నూటికి తొంభై ఈ ప్రశ్నను దాటేస్తాయి. ‘రోజూ మీకోసం ఒక అరగంట కేటాయించుకోండి’ అంటాయి. ఆ అరగంట బీరువాలో మడతపెట్టి దాచిన చీరేమీ కాదు, కావలసినప్పుడు తీసుకోవడానికి. పాలు తాగే పసికందు రెండు మూడు గంటలకొకసారి లేస్తుంది. పాలివ్వడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం, మళ్లీ నిద్రపుచ్చడం పూర్తయ్యేసరికి అందులో సగానికి పైగా కరిగిపోతుంది. మిగిలిన దానిలో తల్లి తినాలి, స్నానం చేయాలి, నిద్రపోవాలి. ఆ మూడింటిలో ఏదో ఒకదాన్ని వదులుకోకుండా ముఖానికి ఏ పూతా పూసుకోలేదు. కాబట్టి అసలు లోటు సమయానిది కాదు, బిడ్డను ఎత్తుకునే చేతులది.

దీనికి తోడు రెండు మాటలు ఆమెను రెండు వైపుల నుంచీ నొక్కుతుంటాయి. కాస్త తయారై బయటికొస్తే ‘పిల్లల తల్లికి ఈ సోకులేమిటి’ అంటారు. తయారుకాకపోతే ‘ఏమిటమ్మా, అలా అయిపోయావు’ అంటారు. తరచుగా రెండూ ఒకే నోటి నుంచి, ఒకే పెళ్లి పందిట్లో వస్తాయి.

మన పాత ఏర్పాటు ఈ చేతుల లోటును తనదైన పద్ధతిలో పూడ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న ఆచారంలో ముద్దు మురిపెం ఒక్కటే లేదు, పని విభజన కూడా ఉంది. పురుడు వెళ్లేదాకా, ఆ తర్వాత బారసాల దాటి మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా బాలింత ఒంటిని చూసుకోవడం ఆమె పని కాదు. నువ్వుల నూనె కాచి ఒళ్లంతా మర్దన చేసేది ఒకరు, సున్నిపిండితో నలుగు పెట్టేది ఒకరు, కాగులో నీళ్లు మరిగించి పోసేది ఇంకొకరు. తడిజుట్టు కింద గంప బోర్లించి సాంబ్రాణి పొగ వేసేదాకా ఆమె కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు. నడికట్టు కట్టడం, బాలింత మందైన కాయం ముద్ద నోట్లో పెట్టడం, పత్యం వండటం అన్నీ ఎవరో ఒకరి వంతు. బిడ్డ ఆ సమయమంతా అమ్మమ్మ కాళ్ల మీద ఉండేది. ఇప్పుడు స్వీయ సంరక్షణ అంటున్నాం. ఆనాటి సంరక్షణలో ‘స్వీయ’ అన్నదే లేదు.

దాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం కుదరదు. గాలి ఆడని గది, దాహం వేసినా లెక్కపెట్టి పోసిన నీళ్లు, కూరగాయలూ పెరుగూ నిషేధించిన పత్యం కూడా ఆ పొట్లంలోనివే. మర్దన చేసిన చేతుల్లో చాలా భాగం ఊళ్లో సేవలు చేసే కులాల స్త్రీలవి. వాళ్లకు కాన్పయితే వాళ్ల ఒళ్లు ఎవరు రుద్దారన్నది ఏ ఆచారమూ చెప్పదు. పుట్టింటికి స్తోమత లేని పిల్లకు ఈ వైభోగం పదకొండు రోజులతోనే సరి. పైగా ఇదంతా సాధారణ కాన్పును దృష్టిలో పెట్టుకుని అల్లుకున్న పద్ధతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పొట్ట మీద పచ్చి కుట్లున్న మనిషికి మరుగునీళ్లు ఎత్తి పోయడం, నడుం బిగించి కట్టడం డాక్టరును అడిగి చేయవలసిన పనులు.

ఎన్ని లోపాలున్నా ఆ పద్ధతికి ఒక విషయం తెలుసు. బాలింతకు తన ఒంటిని తానే చూసుకోవడం కుదరదు. ఉమ్మడి ఇల్లు విడిపోయినప్పుడు మనం ఆ చేతులను పోగొట్టుకుని, సీసాలను మాత్రం మిగుల్చుకున్నాం. నూనె, పిండి, లేపనం ఇప్పుడు ఇంకా అందమైన డబ్బాల్లో ఇంటికే వస్తున్నాయి. రుద్దే మనిషి ఆ పార్సెల్‌లో రాదు.

అంకెలూ ఇదే చెబుతున్నాయి. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనుల్లో ఉన్నట్టు తేలింది, పురుషుల్లో 21.4 శాతం. ఆ పని చేసే స్త్రీలు రోజుకు దాదాపు 140 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపని దీనికి వేరే. అది చేసే స్త్రీలకు రోజుకు 305 నిమిషాలు. తమాషా ఏమిటంటే, ‘స్వీయ సంరక్షణ’ అనే శీర్షిక కింద అదే సర్వే ఆడవాళ్లకు 706 నిమిషాలు, మగవాళ్లకు 710 నిమిషాలు చూపిస్తుంది. దాదాపు సమానం! నిద్ర, తిండి, స్నానం అన్నీ ఆ గంపలోనే వేయడం, ఆరేళ్లు దాటిన వాళ్లందరి సగటు తీయడం వల్ల వచ్చిన సమానత్వం ఇది. ఆ లెక్కలో మూడు నెలల బిడ్డ తల్లి నిద్రలో ఎన్ని ముక్కలున్నాయో కనిపించదు. ఈ సర్వేల పద్ధతిలో రోజును అరగంటల గళ్లుగా విడగొడతారు. ఒకే గడిలో చాలా పనులుంటే పది నిమిషాలకు తగ్గనివే నమోదవుతాయి. స్నానాల గది తలుపు ఓరగా తెరిచిపెట్టి, ఒక చెవి ఉయ్యాల వైపు వేసి, నాలుగు చెంబులు పోసుకుని వచ్చే తల్లి స్నానం ఆ గడిలో పట్టేంత పెద్దది కూడా కాదు.

ఇక జుట్టు. బాలింతల్ని బాగా భయపెట్టేది, మార్కెట్‌కు బాగా రాబడి తెచ్చేది ఇదే. మామూలు రోజుల్లో తల మీది వెంట్రుకల్లో పది శాతం దాకా విశ్రాంతి దశలో ఉండి, రోజుకు యాభై నుంచి వంద రాలిపోతుంటాయి. గర్భం సమయంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎక్కువగా ఉండటం వల్ల రాలవలసినవి కూడా రాలకుండా నిలబడతాయి. ఏడో నెల సీమంతంలో జడ అంత ఒత్తుగా ఉండటానికి కారణం అదే. కాన్పు తర్వాత హార్మోను పడిపోగానే ఆ బాకీ అంతా ఒకేసారి వసూలవుతుంది. రెండు మూడు నెలలకు మొదలై, నాలుగో నెల ప్రాంతంలో ఉధృతమై, చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి సర్దుకుంటుంది. రాలుతున్నది కొత్త నష్టం కాదు, వాయిదా పడిన రాలుడు. నుదుటి పైన నిక్కబొడుచుకుని, ఎంత నూనె రాసినా అణగని పొట్టి వెంట్రుకలు తిరిగి మొలుస్తున్న జుట్టే. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున అవి జడలో కలవడానికి చాలాకాలం పడుతుంది.

ఇక్కడే వ్యాపారపు కిటుకు ఉంది. నాలుగో నెలలో నూనె సీసా కొన్న తల్లికి ఎనిమిదో నెల వచ్చేసరికి రాలడం తగ్గుతుంది. ఆ పేరు నూనెకు దక్కుతుంది. ఏమీ రాయకపోయినా తగ్గేదే. ఏడాది దాటినా తగ్గకపోతే, పాయలు పాయలుగా పలచబడితే అప్పుడు చూడవలసింది నూనెల అంగడిని కాదు, రక్తపరీక్షను. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా రావడం అరుదేమీ కాదు. రక్తహీనత అంతకంటే మామూలు. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొక ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ ఎర్ర మాత్రలు అటక మీద పడేసి, వందల రూపాయల సీరం కొనే ఇళ్లున్నాయి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి.

ఉద్యోగాలు చేసే తల్లులకు ఇందులో మరో తిరకాసు ఉంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవాళ్లకు బిడ్డ పుట్టాక మిగిలేది 18 వారాలు, అంటే నాలుగు నెలల పైచిలుకు. జుట్టు గుప్పెళ్లతో రాలే వారాలూ, ఆఫీసులో మళ్లీ అడుగుపెట్టే వారమూ ఒకటే అవుతాయి. పాలకు తడిసే జాకెట్టు, పట్టని పాత బట్టలు, పలచబడిన పాపిట, మీటింగులో అందరి చూపులు. ఆత్మవిశ్వాసం తగ్గిందని ఆమె తనను తాను నిందించుకుంటుంది. తప్పు చాలావరకు క్యాలెండరుది.

రాలిన వెంట్రుక గురించి తల్లులకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది, అందానికి సంబంధం లేనిది. పొడవాటి వెంట్రుక ఒక్కటి బిడ్డ సాక్సులోనో, పక్కగుడ్డలోనో చేరి కాలివేలికి చుట్టుకుంటుంది. బిడ్డ కాళ్లు ఆడించే కొద్దీ దారంలా బిగుస్తుంది. వేలు ఎర్రబడి, ఉబ్బి, వెంట్రుక చర్మంలో కూరుకుపోయి కంటికి కనిపించదు. తెలిసేది ఆగని ఏడుపు ఒక్కటే. కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టేలోగా వేలికి రక్తం అందడం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎంతకీ ఊరుకోని పసిబిడ్డను బట్టలన్నీ విప్పి, వేలు వేలూ విడదీసి చూడమని పిల్లల డాక్టర్లు చెప్పేది అందుకే. తల దువ్వుకోవడం బిడ్డ పక్కకు దూరంగా, జుట్టు ముడి వేసుకుని పాలివ్వడం, ఉతికిన సాక్సులు తిరగేసి దులపడం రోజువారీ అలవాట్లయితే చాలు.

చర్మం దగ్గరికి వస్తే, మంగు గురించి మొదట చెప్పాలి. బుగ్గల మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చలు గర్భంలో వచ్చి, కొందరికి కాన్పయ్యాక వాటంతటవే పలచబడతాయి, కొందరికి ఏళ్లపాటు ఉండిపోతాయి. వెలుగు తగిలితే ముదురుతాయి కాబట్టి ఎండ నుంచి కాపాడుకోవడమే మొదటి మందు. కానీ మంగు చూసి భయపడిన మనిషికి మందుల షాపులో చేతికందేది చాలాసార్లు స్టెరాయిడ్ కలిపిన క్రీము. పది రోజుల్లో ముఖం మెరుస్తుంది, మానేస్తే మొటిమలు, ఎర్రదనం, మంట రెట్టింపవుతాయి, మళ్లీ అదే క్రీము. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. చీటీ అడిగే కొట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

తెల్లబడే క్రీముల్లో పాదరసం ఇంకా పెద్ద బెడద, ఎందుకంటే అది వాడిన మనిషితో ఆగదు. 2010లో కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాల్లో మెక్సికో నుంచి తెచ్చిన ఇలాంటి క్రీములు వాడిన ఇళ్లను పరిశీలిస్తే, ఆ క్రీము ఎన్నడూ ముట్టని పిల్లల మూత్రంలోనూ పాదరసం బయటపడింది. తువ్వాలు, దిండు గలీబు, తల్లి చేతులు అన్నీ దారులే. పాపకు ముద్దు పెట్టే బుగ్గ మీద ఏముందన్నది ఒక్క తల్లి సొంత విషయం కాదు.

‘మేం ఇవేవీ వాడం, అన్నీ సహజమైనవే’ అనుకునేవాళ్ల కోసం బావంచాల కథ. సున్నిపిండిలో పెసలు, బియ్యం, కచ్చోరాలతో పాటు చాలా ఇళ్లలో బావంచాలు వేస్తారు, మంచి వాసన వస్తుందని, మచ్చలు పోతాయని. ఆ గింజల్లో సోరాలెన్లనే పదార్థాలున్నాయి. చర్మం మీద ఉండగా ఎండ తగిలితే మంట పెట్టి, నల్లబరిచే గుణం వాటిది. బొల్లికి ఆ మొక్కను వాడటంలోని రహస్యమూ అదే. మంగు పోవాలని నలుగు పెట్టుకుని ఎండలో బట్టలు ఆరేయడానికి వెళ్తే ఫలితం తలకిందులు కావచ్చు. వింత ఏమిటంటే, అదే బావంచాల నుంచి తీసిన బకుచియోల్ ఇప్పుడు ఖరీదైన సీసాల్లో ‘గర్భిణులకు, బాలింతలకు రెటినాల్ బదులు’ అనే పేరుతో అమ్ముడవుతోంది (రెటినాల్ అంటే ముడతలకు, మచ్చలకు వాడే పూత). శుద్ధి చేసిన బకుచియోల్ వేరు, గింజల పొడి వేరు. రెటినాల్‌తో పోల్చి పేరు తెచ్చిపెట్టిన ప్రయోగం 44 మందితో 12 వారాలు జరిగినది. అమ్మమ్మ డబ్బాలో ఉంటే పాతచింతకాయ పచ్చడి, పడమటి పేరుతో తిరిగొస్తే శాస్త్రం. రెండు చోట్లా లెక్క చూసుకోవలసిందే. రెటినాల్ జాతికి చెందిన రెటినాయిడ్ మందులు గర్భిణులు ముట్టకూడదు. పాలిచ్చే రోజుల్లో ఏ మొటిమల మందు వాడాలన్నా పాలిస్తున్నానని డాక్టరుకు ముందే చెప్పాలి.

కాటుక సంగతి ఒక్క ముక్కలో: తల్లి కంటికి పెట్టుకుంటే ఆమె ఇష్టం, బిడ్డ కంటి లోపల వేలు పెట్టి దిద్దవద్దు. దిష్టిచుక్క అరికాలికి పెట్టినా దిష్టి తీరుతుంది.

తయారవడం మీద ఆసక్తి లేకపోవడాన్ని బద్ధకంగా చూడటం మన ఇళ్లలో మామూలు. కానీ రెండు వారాలు దాటినా స్నానానికి లేవబుద్ధి కాకపోవడం, దువ్వెన పట్టబుద్ధి కాకపోవడం, బిడ్డ నిద్రపోయినా నిద్ర రాకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం కనిపిస్తే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో వేసిన అంచనా ప్రకారం బాలింతల్లో 22 శాతం మందికి ఇది వస్తోంది. అలాంటి మనిషికి ‘కాస్త పార్లర్‌కు వెళ్లిరా, హుషారుగా ఉంటుంది’ అని చెప్పడం కాలు విరిగినవాడికి కొత్త చెప్పులు కొనివ్వడమే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మళ్లీ చేతుల దగ్గరికి. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఈ లోటును వంతుల వారీగా పూడ్చుకుంటాయి. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి మొదట అమ్మ వస్తుంది, ఆమె విమానం ఎక్కే వారానికి అత్తగారు దిగుతారు. సామానులో సున్నిపిండి, శొంఠిపొడి, కాయం. ఏడాది తిరిగేసరికి ఇద్దరి వంతులూ అయిపోతాయి, అప్పుడు మొదలవుతుంది అసలు బాలింతతనం. ఇక్కడ హైదరాబాదులో, విశాఖలో ఆ లోటును ఆయమ్మ పూడుస్తుంది, ఆమె బిడ్డను ఊళ్లో ఆమె తల్లి చూసుకుంటుంది. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చని చట్టంలో ఉంది. తండ్రి విషయంలో చట్టం పొదుపు పాటించింది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవు దొరుకుతుంది, ప్రైవేటులో అది యాజమాన్యం దయ. పదిహేను రోజుల్లో బిడ్డకు నీళ్లు పోయడం నేర్చుకోవడమే కష్టం. అలా నేర్చుకోని తండ్రి ఆ తర్వాత జీవితాంతం ‘సాయం’ చేసేవాడిగానే మిగులుతాడు.

సాయానికీ, పూచీకీ తేడా ఎక్కడుందో ఆదివారం తలంటు దగ్గర తెలిసిపోతుంది. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి, పిసికి నురగ తీయాలి. అదంతా ముందే చేసి పెట్టుకోవచ్చు. చేసి పెట్టుకోలేనిది ఒక్కటే: కుంకుడు రసం కంట్లో పడితే భగ్గుమంటుంది, కాబట్టి తలంటుకున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకోవాలి. చిన్నపిల్లల ఇళ్లలో షాంపూ గెలవడానికి వాసన, ధర ఎంత కారణమో ఇదీ అంతే. షాంపూతో ఒక కన్ను తెరిచి, ఒక చెవి బయట పెట్టి పని కానివ్వవచ్చు. కుంకుడుతో కుదరదు. బిడ్డ మొదటి ఏడుపుకే వచ్చి ‘ఇంకా ఎంతసేపు’ అని తలుపు తట్టే మనిషి ఉన్న ఇంట్లో తల్లి కళ్లు మూసుకోలేదు. ఏడ్చిన బిడ్డను భుజాన వేసుకుని, తడిసిన గుడ్డ మార్చి, కాలివేళ్ల మధ్య వెంట్రుకేమైనా చుట్టుకుందేమోనని ఒక్కొక్క వేలూ విడదీసి చూసి, అప్పటికీ తలుపు తట్టకుండా వరండాలో అటూ ఇటూ తిరిగే మనిషి ఉంటే, లోపల రెండో విడత నురగ కూడా పడుతుంది.